పరీక్షకంట

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆళ్లగడ్డ ఇంట్లో ఉన్నది ఆరుగురు. వసారాలో దూది ఏకే మిషన్ ముందు కూర్చున్న నాయన ఖాజా పీర్. గడప పక్కన గోడకు ఆనుకుని వక్కాకు నములుతున్న జేజి, నాయన తల్లి. లోపలి గదిలో కొత్త పరుపు మీద, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని వెల్లకిలా పడుకున్న అమ్మ హమీదాబీ. ఆటో వీధిలో నిలిపి అన్నం తినడానికి వచ్చిన చిన్నాయన రఫీక్. తన పరుపు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వచ్చి, చూసుకున్నాక కూడా లేవని కమలాక్షమ్మ. వీళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తూ, ఎవరి కంటా పడకుండా తిరిగే సుల్తానా. ఏడోది ఒకటి ఇంట్లో లేదు. అందరూ మాట్లాడుతున్నది మాత్రం దాని గురించే.

అది అమ్మ కడుపులోంచి తీసిన గడ్డ.

నంద్యాల ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి, అమ్మ ఎడమ అండాశయం మీద పెరిగిన బత్తాయంత గడ్డను తీసి, పోయిన వారం ఇంటికి పంపించారు. దాన్ని పరీక్ష చేసి క్యాన్సర్ లేదని కాగితం కూడా ఇచ్చారు. కుడిపక్క చిన్నది ఒకటి మొదలవుతోందని, మాత్రలు వాడుతూ అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండాలని, అజాగ్రత్త చేస్తే ఇట్లాంటివి ఎక్కడో ఒకరికి చెడ్డగా మారతాయని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక పూట. ఆ పూట దాటాక జేజి అడిగింది, గడ్డ యాడుందని.

కమలాక్షమ్మ తనకు తెలిసిన ఆడవాళ్ళందరి కడుపునొప్పులూ వరసగా చెప్పుకొచ్చింది. ఆడపుట్టుక పుట్టినాక నొప్పి ఎవరికి లేదు, మేమంతా ఓర్చుకోలేదా, ఇప్పటివాళ్ళకే ఓపిక లేదు అంది. అంటూ అంటూనే తన పరుపు అంచు పట్టుకుని, దూది సరిగా కూరారా లేదా అని నాలుగు చోట్ల నొక్కి చూసింది. ఆ పరుపులో సగం అమ్మ కుట్టిందే. అమ్మ మోకాలు మడిచి, మోకాలికీ పొట్టకీ నడుమ గట్టిగా కూరిన చిన్న దిండు ఒకటి అదుముకుని, దబ్బనం దింపి దారం లాగేది. ఆ దిండు ఎందుకని ఎవరూ అడగలేదు. కూర్చోవడానికి ఆసరా అనుకున్నారు. నొప్పంటే, పని తప్పించుకోను సాకు అనేది జేజి.

నాయన మిషన్ ఆపాడు. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆయన కనుబొమ్మల మీద, చెవుల మీద దూది నుసి మంచులాగా అంటుకుని ఉంది.

"పరీక్ష అయిపాయ. కాగితం ఇచ్చినారు. ఇంక మనది మనకు ఇయ్యాల గదా," అన్నాడు.

"బడిలో అయినా పేపర్లు దిద్దినాక ఇచ్చేస్తారప్పా," అన్నాడు చిన్నాయన, చెయ్యి కడుక్కుంటూ.

జేజి వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంది. తాత వేలు సంగతి ఎత్తింది. ఆ సంగతి ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు, అయినా చెప్పింది. పాత మిషన్‌లో తాత చూపుడువేలు పడి తెగిపోతే దాన్ని కోరా గుడ్డలో చుట్టి, ఆయన నాయన గోరీ కాళ్ళకాడ పూడ్చిపెట్టారు. తాత పోయాక ఆ పక్కనే పడుకోబెట్టారు.

"ఏలు ఒకతావ, మనిషి ఒకతావ ఉంటే రేపు ఖయామత్ నాడు గోరీలోంచి లేసేటప్పుడు యాడని ఎతుక్కుంటాడురా? ఆయమ్మది అయినా అంతే. మన్నుది మన్నుకు పోవాల. సీసాలో పెట్టుకోని ఎవరో సూస్తాంటే, ఇంగ నొప్పి యాడ తగ్గుతాది?"

నొప్పి తగ్గలేదన్నది నిజం. నిన్న సాయంత్రం నుంచి అమ్మ మళ్ళీ ముడుచుకుని పడుకుంటోంది.

నాయన తల ఆడించాడు. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. మెల్లగానే అన్నాడు. "ఆ గడ్డ ఇంటికొచ్చి మన్నులో పడేదాకా ఆ ఆస్పత్రి గడప తొక్కేది లే."

"బేస్తవారం కుట్లు ఇప్పాలన్యారు గదన్నా," అన్నాడు చిన్నాయన.

"కుట్లు ఏసేదీ ఇప్పేదీ మనకు తెలీదా? తాతలకాడ్నుంచి అదే పని."

కమలాక్షమ్మ నవ్వింది. జేజి నవ్వింది. లోపలి గదిలోంచి నవ్వు రాలేదు. సుల్తానా చెంబు పట్టుకుని గడప మీద నిలబడిపోయింది.  ఎందుకంటే, ఆ గడ్డ నంద్యాలలో ఆగిపోయింది తన నోటిమాట వల్ల.

ఆపరేషన్ ముందురోజు ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వలేదు. అమ్మ పక్కన సుల్తానా ఒక్కతే ఉంది. తెల్లకోటు వేసుకున్న సన్నటి అమ్మాయి వచ్చి, అమ్మ మంచం పక్కన కూర్చుని, కాగితం చూస్తూ చాలాసేపు చెప్పింది. తీసిన గడ్డలో కొంత భాగం పరిశోధన కోసం ఉంచుకుంటాం, మీకు ఇష్టమైతేనే, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు అని. అమ్మ బడికి పోయిన మనిషి కాదు. పుస్తకాల మాటలు వింటే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. ఆ రోజూ తిప్పుకుని, "ఏందంటాదే ఆయమ్మ?" అని సుల్తానాను అడిగింది. పరిశోధన అనే మాట సుల్తానా సైన్సు పుస్తకంలో చదివింది. పరీక్షలో రాసింది కూడా. దాన్ని ఇంట్లో మాటలోకి ఎట్లా మార్చాలో మాత్రం తెలియలేదు. తెల్లకోటు అమ్మాయి తననే చూస్తోంది. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. తొందరలో నోటికి వచ్చింది అనేసింది.

"పరీక్షకంట మా."

"పరీక్షకైతే దానికేముంది," అని అమ్మ వేలిముద్ర వేసింది.

ఇప్పుడు నాయన సుల్తానా వైపు తిరిగాడు. "రేపు నువ్వు పోయి తీసుకరా పాపా. ఆ వార్డు నీకు తెల్సు. మీ చిన్నాయన తోడొస్తాడు."

జేజి అప్పటికే లేచి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి వెతికి తెచ్చి, అందులో రెండు పిడికిళ్ళు గల్లుప్పు పోసింది. దారిలో చెడకుండా.

*

నంద్యాల బస్సులో సుల్తానా డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శిరివెళ్ల దాటేదాకా చిన్నాయన ఏవో జోకులు చెప్పాడు. ఆ గడ్డకు డాక్టర్లు పెట్టిన పేరు చాక్లెట్ గడ్డ అని ఆయనకు ఎట్లా తెలిసిందో, ఆ పేరు వింటే వీధిలో పిల్లోల్లంతా మీయమ్మ ఎంట పడతారన్నాడు. సుల్తానా నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చాక ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఆడోళ్ళ ఆస్పత్రి, నేను రాకూడదు, ఈడ టీ తాగుతాంటా, బేగా రా అని గోడ పక్కన నిలబడ్డాడు.

వార్డులో అడిగితే చూపించిన గది వెనకవైపు మేడ మీద ఉంది. తలుపు దగ్గర స్టూలు మీద ఎజ్రా అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన డబ్బాను చూసి, లోపలికి అన్నం తీసుకుపోకూడదన్నాడు.

"అన్నం కాదు," అంది సుల్తానా.

"మరేంది?"

"ఉప్పు."

ఎజ్రా ఆమెను కిందికీ పైకీ చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి పిలుచుకొచ్చాడు. వచ్చింది ఆ రోజు మంచం పక్కన కూర్చున్న అమ్మాయే. పేరు సుప్రజ. దొర్నిపాడు దగ్గరి రైతుల పిల్ల. చేతి తొడుగులు లాగేసుకుంటూ వచ్చి, సుల్తానాను గుర్తుపట్టి, మీ అమ్మకు ఎట్లుందని అడిగింది. సుల్తానా బస్సులో పది రకాలుగా అల్లుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. డబ్బా ముందుకు చాపింది.

"గడ్డ ఇస్తారా అక్కా. నాయన తెమ్మన్యాడు. పరీక్ష అయిపాయ గదా."

 సుప్రజ డబ్బా మూత తీసి ఉప్పు చూసింది. నవ్వుతుందేమోనని సుల్తానా భయపడింది గానీ నవ్వలేదు. మూత జాగ్రత్తగా మళ్ళీ పెట్టి, ఆమెను లోపలి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పింది. గడ్డ ఇప్పుడు ఒక్కటిగా లేదు. ఒక ముక్కను కింది గదిలో మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలకల మీద అంటించి చూశారు. పరీక్ష అంటే అది. కాగితం దానికే ఇచ్చారు. ఇంకో ముక్క ఇక్కడికి వచ్చింది. ఇది పరీక్ష కాదు, పరిశోధన.

"ఆ పొద్దు చెప్పినా గదా నీకు," అంది సుప్రజ.

చెప్పింది.  బల్ల మీద ఎరుపు, గులాబీ మధ్య రంగు నీళ్ళున్న సీసాలు వరసగా ఉన్నాయి. వాటిలో ఏది అమ్మదో అని సుల్తానా చూపు తిప్పింది.

"రెండిటికీ తేడా ఏంది అక్కా?"

సుప్రజ పెన్ను తీసి కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసింది. నెలనెలా బయటికి పోవాల్సిన పొర లాంటిదే కొందరికి సంచి బయట, అండాశయం మీద మొలుస్తుంది. నెల వచ్చినప్పుడు అది కూడా నెత్తురు కారుస్తుంది. పోయే దారి లేక ఆడనే నిలిచిపోయి, నల్లగా చిక్కబడి గడ్డ అవుతుంది. అందుకే అంత నొప్పి. చాలామందికి అది గడ్డగానే ఉంటుంది. ఎక్కడో ఒకరికి క్యాన్సర్ అవుతుంది. ఎందుకు ఒకరికి అవుతుంది, ఇంకొకరికి కాదు, అదే ఇక్కడ వెతికేది.

"ఎప్పుడు తెలుస్తాది?"

"ఏమో. నేనుండంగ తెలుస్తాదో లేదో."

"మరి మాయమ్మకు రిజల్టు?"

"మీయమ్మకు రిజల్టు ఇచ్చేసినారు పాపా. ఇది మీయమ్మ కోసం కాదు. మీయమ్మ తర్వాత వచ్చేవాళ్ళ కోసం." ఆ మాట అన్నాక సుప్రజే కొంచెం ఇబ్బందిపడినట్టు పెన్ను మూత పెట్టింది. "ఆ పొద్దు ఇంకొకసారి అడిగుంటే బాగుండు నేను. మీయమ్మ మొగం గోడ పక్కకు ఉండె. సరే అనంగానే లేసి వచ్చేస్తి."

సుల్తానాకు ఏమీ అర్థం కాలేదు. అర్థమైనట్టూ ఉంది. జవాబు ఎవరికీ తెలియని పరీక్ష ఎట్లా పెడతారు, దాన్ని ఎవరు దిద్దుతారు? అది అమ్మ కోసం కాకపోతే అమ్మ వేలిముద్ర ఎందుకు వేసినట్టు? వేయించింది తనే కదా.

సుప్రజ ఆమెకు తెల్లకోటు తొడిగించి, చెప్పులు మార్పించి ఇంకో గదిలోకి తీసుకుపోయింది. గోడ పక్కన చిన్న బీరువా అంత పెట్టె ఉంది. తలుపు తీస్తే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో లోపల అంతే వేడి ఉండేలా చూస్తారంది సుప్రజ. పొదిగే కోడి కింద ఉన్నట్టు. అందులోంచి అరచేతి అంత చదునైన సీసా ఒకటి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, చక్రం తిప్పి, చూడమంది.

మొదట ఏమీ కనపడలేదు. తన కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. తర్వాత, నీళ్ళ అడుగున సన్నటి పోగులు. పొడుగ్గా, రెండు కొసలా సన్నబడి, ఒకదాని పక్కన ఒకటి ఒకే వైపుకు వాలి, అక్కడక్కడా మెలికపడి సుడులు తిరిగి. నాయన మిషన్ ముందు దూది రాలి పడేటప్పుడు అచ్చం ఇట్లాగే ఉంటుంది.

"ఇదేంది?"

"మీయమ్మదే. కణాలు. అప్పుడు చిటికెడంత ఉండె. ఇప్పుడు సీసా అడుగంతా పాకినాయి."

"బతికే ఉండాయా?"

"బతికే ఉండాయి. రెండు మూడు రోజులకొకసారి ఈ ఎర్రనీళ్ళు మార్చాల. అదే వాటికి తిండి."

సుల్తానా కన్ను తీసి, మళ్ళీ పెట్టి చూసింది. అమ్మ ఆళ్లగడ్డలో పడుకుని ఉంది. అమ్మ ఇక్కడ పాకుతూ ఉంది. నిన్న సాయంత్రం అమ్మ ముడుచుకున్నప్పుడు ఇవి ఏం చేస్తున్నాయో. మెల్లగా అడిగింది, "దీనికి నొప్పి తెలుస్తాదా అక్కా?"

"తెలీదు. నొప్పి తెలిసేది మీయమ్మకే."

మెట్ల దాకా వచ్చి సుప్రజ చెప్పింది. వద్దనుకుంటే ఈ పొద్దే ఆపేయొచ్చు. ఇచ్చిన మాట తిరిగి తీసుకోవడం మీ హక్కే. పెద్దమేడంను అడిగి, మిగిలింది మీ పద్ధతిలో పూడ్చుకోవడానికి ఇప్పించే పూచీ నాది.

"కానీ ఆ మాట మీయమ్మ చెప్పాల. మీ నాయన చెప్తే కాదు. నువ్వు చెప్పినా కాదు. ఎవరిదో వాళ్ళే చెప్పాల."

*

ఇంట్లో డబ్బా మూత తీసింది జేజి. ఉప్పు తప్ప ఏమీ లేదు.

"ఉప్పు తీసుకపోయి ఉప్పు తెచ్చినావా తల్లీ?"

నాయన చేతిలో కోరా గుడ్డ ముక్క ఉంది. పొద్దున్నుంచి పని మానుకుని దానితో జానెడు సంచి కుడుతున్నట్టున్నాడు. మూడువైపులా కుట్టు దగ్గర దగ్గరగా పడి ఉంది. పరుపులకు అంత సన్న కుట్టు ఎప్పుడూ వేయడు. తల ఎత్తి చూశాడు.

"యాడ?"

సుల్తానా గోడను చూస్తూ చెప్పింది. "అది బతికే ఉంది నాయనా."

దబ్బనం గుడ్డలోనే ఆగింది. జేజి తోబా తోబా అని చెంపలు వేసుకుంది. సుల్తానా తను చూసింది చెప్పింది. మైనం సంగతి, గాజుపలకలు, వెచ్చటి పెట్టె, ఎర్రనీళ్ళు. చెప్పేకొద్దీ తనకే తికమకగా ఉంది. మధ్యలో నాయన, మనిషిలోంచి కోసి తీసింది మనిషి లేకుండా బతికేది ఏందని అడిగాడు.  ప్రాణం ఉన్నదాన్ని పూడ్చొచ్చా అని తనలో తాను అడుగుతున్నట్టు అడిగాడు.  జేజి మాత్రం, అదీ సంగతి, అది ఆడ పెరుగుతాంటే ఈడ ఆయమ్మకు నొప్పి పెరక్క ఏమైతాదని తేల్చేసింది.

చివరికి సుల్తానా సుప్రజ మాట చెప్పింది. అమ్మ వచ్చి చెప్పాలంట.

నాయన మళ్ళీ దబ్బనం లాగాడు. "చెప్పను ఏముంది. రేపు తీసుకపోదాం. ఇయ్యమని మీయమ్మ అడుగుతాది, వాళ్ళిస్తారు. అది చేతికొస్తే అప్పుడే కింద వార్డులో కుట్లు గూడా ఇప్పిచ్చుకోని వద్దాం. రాకపోతే ఉత్తచేతులతో తిరిగొస్తాం, అంతే."

లోపలి గదిలోంచి అమ్మ పిలిచింది.

అమ్మ గోడవైపు తిరిగి లేదు. లేచి, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ చిన్న గట్టి దిండు. తలుపు దగ్గరికి వెయ్యమని సైగ చేసి, సుల్తానాను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నువ్వు సూసినావా?"

"చూసినా మా."

"కంటితో?"

"కంటితోనే. మిషన్‌లో."

"ఎట్లుంది?"

సుల్తానా ఆలోచించింది. "ఏకిన దూది మాదిరి ఉంది మా."

 అమ్మ దిండు మూలను బొటనవేలితో నొక్కుతూ ఉంది. ఆ మూల ఎన్నో ఏళ్ళుగా నొక్కీ నొక్కీ నల్లబడింది. తర్వాత ఇంకొకసారి అడిగింది, మొదటిసారి విననట్టు.

"అయితే ఉంది?"

"ఉంది మా."

"నిజంగానే ఉంది."

అది ప్రశ్నో కాదో తెలియలేదు. సుల్తానా తల ఊపింది. అమ్మ ముఖంలో ఏడుపు లేదు, సంతోషమూ కాదు. సుల్తానా ఎప్పుడూ చూడని ముఖం అది. పరుపు బేరం ఆడేటప్పుడు నాయన ముఖం కొంచెం అట్లా ఉంటుంది.

"పోయి మీ జేజికి చెప్పు," అంది అమ్మ.

"ఏమని?"

"ఉందని చెప్పు. అంతే. ఇన్నేండ్లూ నేను పనికి దొంగనై పండుకోలేదని, అది ఉన్న్యాదని, నువ్వు కంటితో సూస్తివని చెప్పు."

సుల్తానా లేచి వసారాలోకి వచ్చింది. జేజి ముందు నిలబడింది. ఆ మాటలు అట్లాగే చెప్పాలని నోరు తెరిచింది గానీ, సగమే వచ్చింది.

"అది ఉంది జేజీ."

"ఉంటే ఏమి? రేపు మన్నులో పెడతారులే," అంది జేజి, వక్కాకు సంచి ముడి విప్పుతూ. నాయన మాత్రం దారం కొరకబోయి, సుల్తానాను, ఆమె వెనక దగ్గరగా వేసి ఉన్న తలుపును, మార్చి మార్చి చూశాడు.

*

గురువారం పొద్దున చిన్నాయన ఆటో సీట్ల మధ్య పాత గుడ్డలు మెత్తగా సర్దాడు. వాటి మీద నాయన సగం కొలత పరుపు ఒకటి పరిచాడు. అది కమలాక్షమ్మకు ఇవ్వాల్సిన జతలో చిన్నది. ఆమెకు తెలిస్తే ఇంటి ముందు కూర్చుంటుందని చిన్నాయన అంటే, మన ఆడమనిషి పండుకున్న్యాదంటే దూది మెత్తబడుతాది గాని అరిగిపోదులేరా అన్నాడు నాయన. గడప తొక్కనన్న మాట ఏమైందని అడగడానికి చిన్నాయన నోరు తెరిచి, ఆయన చేతిలో మడిచి ఉన్న కోరా సంచిని చూసి ఊరుకున్నాడు.

నాయన ముందర చిన్నాయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక అమ్మ, సుల్తానా. పెద్దరోడ్డు ఎక్కాక ఆటో రొదలో ముందరివాళ్ళకు వెనకవాళ్ళ మాట వినపడదు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. గుంత వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి దిండు కోసం వెతుక్కుని, దిండు ఇంట్లోనే మరిచిపోయినట్టు గుర్తొచ్చి, సుల్తానా మోకాలు పట్టుకునేది.

శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డం వచ్చి ఆటో నిదానించింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేననిపించింది సుల్తానాకు.

"మా. ఆయక్క ఆ పొద్దు పరీక్ష అనలే. నేనే అట్ల చెప్తి."

అమ్మ కళ్ళు తెరవలేదు. "ఏమనింది మరి?"

"పరిశోధన."

"అంటే?"

సుల్తానా చెప్పడానికి ప్రయత్నించింది. పరీక్ష అంటే మనకు ఏముందో చూసి చెప్పేది. పరిశోధన అంటే ఎవరికీ తెలియనిది వెతికేది, మన కోసం కాకుండా, వేరేవాళ్ళ కోసం, అది కూడా దొరుకుతుందో లేదో తెలియదు. చెబుతుంటేనే అది చాలా అన్యాయంగా వినపడింది. మధ్యలో ఆపేసింది. అమ్మ తిడుతుందని చూసింది. ఒక దెబ్బ వేసినా బాగుండుననిపించింది.

"వేరేవాళ్ళకు గూడా ఇట్లనే ఉంటాదా?" అంది అమ్మ.

"శానామందికి ఉంటాదంట."

"వాళ్ళు గూడా నొప్పంటే ఎవరూ నమ్మరేమో."

 ట్రాక్టర్లు తప్పుకున్నాయి. ఆటో ఊపందుకున్నాక అమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి అడిగింది, ఆ ఎర్రనీళ్ళు మార్చేది ఎవరని. ఆ అక్కేనంట అంది సుల్తానా. పండగలప్పుడు గూడానా అంది అమ్మ. అది తను అడగలేదు.

"సరేలే," అంది అమ్మ. "నేనడుగుతా."

ఏమడుగుతుందో చెప్పలేదు. సుల్తానాకు ఆ దారంతా అదే ఆలోచన. ఉండనీ అంటుందా? ఇయ్యమంటుందా? ఇయ్యమంటే నాయన సంచి నిండుతుంది, కింద వార్డులో కుట్లు విప్పుతారు, మాత్రలు రాసిస్తారు, అంతా సరిపోతుంది. ఉండనీ అంటే నాయన ఉత్తచేతులతో తిరుగు దారి పడతాడు, ఆయన మాట అంటే మాటే, అమ్మ కుట్లు అట్లాగే ఉంటాయి. మొదటిదే జరగాలని మొక్కుకోబోయింది. మొక్కు నోట్లోనే తిరగబడింది. ఆ సుడులు, ఒకే వైపు వాలిన ఆ పోగులు గుర్తొచ్చాయి. వాటిని నాయన కుట్టిన సంచిలో ఎట్లా పోస్తారు?

మేడ మెట్లు అమ్మ ఒక్కో మెట్టు ఆగి ఆగి ఎక్కింది. చిన్నాయన ఈసారి కూడా గేటు దగ్గరే ఆగిపోయాడు. నాయన మాత్రం వచ్చాడు. ఆడవాళ్ళ వార్డు ముందు నుంచి తల వంచుకుని, తన కాళ్ళనే చూసుకుంటూ, భార్య వెనక ఒక మెట్టు దూరంలో ఎక్కాడు, పడితే పట్టుకునేటట్టు.

ఎజ్రా స్టూలు ఖాళీ చేసి అమ్మను కూర్చోమన్నాడు. అమ్మ కూర్చోలేదు. సుప్రజ బయటికి వచ్చింది. ఈసారి ఆమె చేతిలో కాగితం లేదు. నాయనకు నమస్కారం పెట్టి, ఆయన ఏదో చెప్పబోతే విని, అంతా ఆమెతో మాట్లాడతానని మర్యాదగా అంది. లోపలికి ఒక్కరే రావాలంది.

"ఆయమ్మకు ఏమీ తెలీదు మేడం," అన్నాడు నాయన. "ఇస్తే తీసుకపోతాం, అంతే. పాప పోతాది తోడు. పాపే చెప్తాది." సుల్తానా భుజం మీద చెయ్యి వేసి ముందుకు జరిపాడు. రెండో చేత్తో కోరా సంచి మడత విప్పి అమ్మకు అందించాడు. మూతి దగ్గర ముడి వేయడానికి దారం కూడా వదిలిపెట్టాడు. 

అమ్మ సంచి తీసుకుంది. కుట్టు మీద వేలు పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకు తడిమింది, పని మంచిచెడ్డలు తెలిసిన మనిషి లాగా.

"బాగ కుట్టినావు," అంది.

ఎజ్రా అమ్మకు కోటు తొడిగించాడు. అది పెద్దదై చేతులు మోచేతుల దాకా మడవాల్సి వచ్చింది. చెప్పులు మార్చుకోవడానికి వంగలేకపోతే సుల్తానా వంగి మార్చింది. మార్చి, తనూ చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టబోయింది. లోపల వెచ్చటి పెట్టె తలుపు సుప్రజ అప్పటికే తీసినట్టుంది. ఆ గాలి తెలిసింది.

గడప అవతల అమ్మ ఇటు తిరిగింది. తల మీది కొంగు సర్దుకుంది. నాలుగుగా మడిచిన కోరా సంచిని సుల్తానా చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది నీకాడ ఉండనీ."

"మా, నువ్వేం చెప్పాలో నేను..."

"వద్దు పాపా. నాది నేను మాట్లాడుకుంటా."

నాయన వెనక నుంచి ఏదో అన్నాడు. అమ్మ వినలేదో, విని కూడా ఊరుకుందో. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచుకుని, రెండో చేత్తో తలుపు పట్టుకుని, సుల్తానా ముఖం మీదికి మెల్లగా మూసింది.